మూత తియ్యని సీసా

పాల కేంద్రం,
మే 14, బుధవారం.

చిరంజీవి బావమరిదికి మీ బావ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపవలెను అని మొదలుపెట్టడం మర్యాద. మేం క్షేమంగా లేం. నీ క్షేమం అడగాలని కూడా ఇప్పుడు నాకు లేదు. పెద్దవాణ్ణి గనక ఆశీస్సులు మాత్రం రాశాను. అవి అక్కడే ఉండనీ.

నిన్న ఫోన్లో అరిచింది అరిచాను. సగంలో లైను పోయింది. నువ్వు పెట్టేశావో, కోపంలో నేనే ఏదో నొక్కానో తెలియదు. మిగిలిన సగం ఇలా రాస్తున్నాను. కాగితమైతే నువ్వు మధ్యలో పెట్టెయ్యలేవు.

మీ ప్రయోగశాల రిపోర్టు నిన్న మధ్యాహ్నం వార్డుకు వచ్చింది. నర్సు చేత మూడుసార్లు చదివించుకున్నాను. మూడుసార్లూ అదే ఉంది. 'పంపిన ముక్కలో కణాలు చాలావరకు నశించి ఉన్నవి. తిత్తి లోపలి పొర గుర్తించుటకు వీలు కాలేదు. స్వభావము తేల్చజాలము. వీలైనచో మరల ముక్క పంపవలెను.' కింద మీ డాక్టరమ్మ సంతకం. తయారుచేసినవారు అన్నచోట నీ పొడి అక్షరాలు.

మరల ముక్క పంపవలెను! ఎంత తేలిగ్గా రాశారయ్యా. నా కూతురి వెన్ను ఏమన్నా పాల క్యానా, మూత తీసి ఇంకో గరిటెడు ముంచి పంపడానికి?

మన రెండిళ్ల మధ్య మాటలు పోయి తొమ్మిదేళ్లు. అసలేం జరిగిందో నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. మేనమామవి, విను.

మా తూనీగకు పన్నెండు నిండాయి. నువ్వు భుజాన వేసుకు తిప్పినప్పుడు మూడేళ్లది. ఒకచోట నిలవదని ఆ పేరు పెట్టింది నువ్వే. పోయినేడు వానల్లో దాని ఎడమకాలి చెప్పు జారిపోవడం మొదలైంది. జారిపోవడం కాదు విచిత్రం, జారినట్టు దానికి తెలియకపోవడం. ఒంటి చెప్పుతో బడి నుంచి ఇంటిదాకా నడిచి వచ్చేది. రెండోది ఏదే అంటే కిందికి చూసుకుని, ఇప్పటిదాకా ఉందే అనేది. నేను తిట్టాను. మూడోసారి వెనక పట్టీ ఉన్న జత కొని, ఇప్పుడు జారమను చూద్దాం అన్నాను. అవి జారలేదు. పిల్లే జారి పడింది, మా ఇంటి మెట్ల మీద.

బళ్లో ఆటల మాస్టారు పరుగులో వెనకబడిందని ఎండలో నిలబెట్టి, నాటకాలాడుతోంది అన్నాడట. నేనూ ఆ మాటే అన్నాను. దాచను. భుజాల మధ్య నొప్పి అంటే మొదటి డాక్టరు బలం మాత్రలు రాశాడు. రెండో ఆయన ఎదిగే పిల్లలకు మామూలే అన్నాడు. మూడో ఆయన దాన్ని చెయ్యి పెట్టి చూడనే లేదు, పరీక్షలు దగ్గరపడ్డాయా అని నన్ను అడిగాడు. నాలుగో ఆయన దాన్ని పడుకోబెట్టి అరికాలి మీద తన బండి తాళంచెవితో గీశాడు. కిందికి ముడవాల్సిన బొటనవేలు పైకి లేచింది. అంతవరకు ఏదో జోకు చెబుతున్న మనిషి, అక్కడితో ఆపేసి స్కానుకు రాశాడు.

స్కానులో వెన్నుపామును ముందు నుంచి నొక్కుతూ నీటి తిత్తి కనబడింది. ఉసిరికాయంత. ఆపరేషను చేసిన పెద్దాయన నన్ను కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పాడు. తల్లి కడుపులో పిండం మూడు వారాలప్పుడు, పేగు అయ్యే పొరా, వెన్ను అయ్యే పొరా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయట. విడిపోయేటప్పుడు ఎక్కడో చాలా అరుదుగా ఒక పోగు ఇటుది అటు ఉండిపోతుందట. ఆ పోగు తను వెన్నులో ఉన్నానని ఎరగక, పేగులాగే జిగురు ఊరుస్తూ కూర్చుంటుందట. పన్నెండేళ్లు ఊరి ఊరి ఇంత తిత్తి అయింది. నా సర్వీసులో ఇలాంటివి రెండో మూడో చూశాను అన్నాడు. అదే అయితే భయం లేదు, మిగిలినదాన్ని ఏడాదికోసారి స్కాను తీసి చూసుకుంటే చాలు అన్నాడు. అదేనా అని అడిగాను. చూడ్డానికి అలాగే ఉంది, కానీ నేను చెప్పకూడదు, ముక్క చెప్పాలి అన్నాడు. లోపలి గోడకు పేగుకున్నట్టు పొర ఉంటే అది పుట్టుకతో వచ్చింది. లేకపోతే పురుగు వల్ల పుట్టిన తిత్తి కావచ్చు, చెడ్డ గడ్డ కావచ్చు. అప్పుడు లెక్క వేరు.

ఆ మిగిలినది అన్నాడే, అదీ సంగతి. తిత్తి వెనక గోడ వెన్నుపాముకు అతుక్కుపోయి ఉంటే దాన్ని వదిలేసి, వచ్చినంత మేరకు కోసి తీశాడు. చెడ్డదైతే మళ్లీ తెరిచి అదీ తియ్యాలి. రెండోసారి తెరిస్తే కాలు తిరిగి వస్తుందని మాట ఇవ్వలేను అన్నాడు. ఇప్పుడు పిల్ల ఎడమకాలి వేళ్లు కదుపుతోంది. నాలుగు కదులుతున్నాయి, చిటికెనవేలు బద్ధకిస్తోంది, దాన్ని నాన్నతో చెప్పి తిట్టించాలి అంటుంది. ఆ వేళ్లు కదిలేదాకా మీ అక్క తిండి తినలేదు. అలాంటి పిల్లను మళ్లీ బల్ల మీద పడుకోబెట్టమని మీరు రెండు ముక్కల్లో రాసి పంపారు.

ఇక సీసా సంగతి. శనివారం, మూడో తారీఖు. ఈ ఆసుపత్రిలో ముక్కలు చూసే గది లేదు. ఎవరి ముక్క వాళ్లే మీ ఊరు పట్టుకెళ్లాలి. పదకొండు గంటలకు ఆపరేషను గది తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చింది. ఆ చేతిలో తెల్ల మూత సీసా. ఒలకనివ్వకండి, సోమవారం పొద్దున్నే కిటికీలో ఇవ్వండి అని ఆడగొంతు. తలుపు మూసుకుంది. మనిషి ముఖం కూడా చూడలేదు. సీసా మీద పిల్ల పేరు, వార్డు నంబరు. అంతే. అందులో ఏముందో, ఎలా ఉంచాలో ఒక్కరు ఒక్క మాట చెప్పలేదు. పాల కేంద్రంలో రెండు చెంచాల పాల నమూనాకే నేను చీటీ మీద ఐదు వివరాలు రాస్తాను.

మూత అంచు నుంచి వచ్చే వాసన బట్టి అందులో ఉన్నదేమిటో నాకు తెలిసిపోయిందనుకో. ఇరవై రెండేళ్లుగా ఆ వాసన మీదే కదా నా బతుకు. పాలు విరగకుండా ఫార్మలిన్ కలిపి తెచ్చేవాళ్లను మూత తియ్యగానే పట్టేస్తానని నాకు ముక్కు మాస్టారని పేరు. ఒంటిగంటకు ఇంటికి చేరాను. మా పిన్ని సీసా అందుకుంటే, జాగ్రత్త, ఇందులో పోసింది ఆ దొంగ మందే, పిల్ల ఒంట్లో ముక్కకు కూడా అదే దొరికింది వీళ్లకు అని విసుక్కుని, అన్నం తిని పడి నిద్రపోయాను. రెండు రోజులు కన్ను మూసి ఎరగను. పిన్ని దాన్ని గూట్లో పెట్టి, సోమవారం నాకిచ్చేటప్పుడు ఒలకకుండా పాలిథిన్ చుట్టి, గుడ్డలో మూట కట్టి, సంచిలో పెట్టి ఇచ్చింది. అలాగే తెచ్చి నీ కిటికీలో పెట్టాను.

నువ్వేం చేశావు? మీ అక్క ఎలా ఉంది అనలేదు, పిల్ల ఎలా ఉంది అనలేదు. మూట విప్పావు. మూత తీశావు. వాసన చూశావు. తల ఎత్తి నా ముఖం చూశావు. మళ్లీ వాసన చూశావు.

అప్పుడు నాకు అర్థం కాలేదు. నిన్న రిపోర్టు చూశాక అర్థమైంది. తొమ్మిదేళ్ల కింద, మామయ్య క్యాను నువ్వు సైకిలు మీద తెచ్చి నా బల్ల ముందు దించినప్పుడు నేను చేసిందే నాకు చేసి చూపించావు. మూత, వాసన, ముఖం. ఆ రోజు వరసలో నలభై మంది ఉన్నారు. నలభై మంది ముందు మీ నాన్న పాలు కాలవలో పోయించాను. మామ పాలే పోయించాడు, ఇక మనమెంత అని నవ్వారు. నీ ముఖం నాకు గుర్తుంది. మామయ్య గేదెలు అమ్మేశాడు, మా వాకిలి ముందు నుంచి నడుస్తాడు గానీ లోపలికి రాడు. అదంతా నిజమే. కానీ నేను ఊరికే పోయించలేదు. గొట్టంలో పాలు పోసి, ఆసిడ్ జారవిడిచి, ఫార్మలిన్ ఉంటే వచ్చే ఊదారంగు వలయం కళ్లారా చూశాకే పోయించాను. నా ఉద్యోగం నేను చేశాను.

నువ్వు చేసింది ఉద్యోగమా? నా మీద కసి ఉంటే నా మీద తీర్చుకో. కిటికీలో నా ముఖాన ఉమ్మితే తుడుచుకునేవాణ్ణి. పిల్ల ముక్క చెడగొట్టి, చెడిపోయి వచ్చింది అని రాస్తావా?

మీ అక్క నాతో మాట్లాడ్డం మానేసింది. మా తమ్ముడు అలాంటివాడు కాదు అని ఒక్క మాట అని అటు తిరిగింది. వార్డులో మంచానికి అటువైపు ఆవిడ, ఇటువైపు నేను, మధ్యలో పిల్ల. మంచినీళ్లు కావాలన్నా పిల్ల చేత చెప్పిస్తోంది.

ముక్క ఏమన్నా మిగిలి ఉంటే ఇంకోచోట చూపించుకుంటాను, తిరిగివ్వు. పెద్దాయన ఇరవై ఆరో తారీఖు సోమవారం తేలుస్తానన్నాడు. ఆలోపు కావాలి.

ఇట్లు,
పిల్ల తండ్రి.


పాల కేంద్రం,
మే 20, మంగళవారం.

బావమరిదికి,

నీ జవాబు నిన్న అందింది. రిపోర్టు ఫారం వెనక ఎనిమిది వరసలు. దిబ్బెడు తిట్టి రాస్తే ఎనిమిది వరసలు పంపావు. క్యాను మాట ఎత్తలేదు, మామయ్య మాట ఎత్తలేదు, కసి లేదు అని కూడా రాయలేదు. కనీసం తిరిగి తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

రాసిందాన్ని నాకు అర్థమైనట్టు మళ్లీ రాస్తున్నాను, తప్పైతే చెప్పు. ముక్కను మైనంలో పోతపోసిన దిమ్మ నీ దగ్గరే భద్రంగా ఉంది. మామూలుగా ముక్క తీసుకున్నాక సీసాలో మిగిలింది పారబోస్తారు, నువ్వు పారబొయ్యలేదు, మూత పెట్టి చల్లటి పెట్టెలో దాచావు. డాక్టరమ్మకు ఒక్కటే అనుమానం. కణాలు పిల్ల ఒంట్లో ఉండగానే చచ్చిపోయాయా, సీసాలో చచ్చిపోయాయా? ఒంట్లోనే చచ్చి ఉంటే అది జబ్బు చేసిన పని. చెడ్డ గడ్డ కావచ్చు, మళ్లీ తెరవక తప్పదు. సీసాలో చచ్చి ఉంటే అది జబ్బు కాదు, ముక్కను ఉంచిన తీరు. అప్పుడు పెద్దాయనకు తొందర లేదని రాసి, మిగిలినవాటిలో మళ్లీ వెతుకుతారు. అందుకని ఒక్క ప్రశ్న అడిగావు. దారిలో గాని ఇంట్లో గాని సీసా మూత ఎవరైనా తీశారా, ముక్క కుళ్లకుండా పోసిన మందు మార్చారా?

చివర రాశావు చూడు, దాచిన నీళ్లు ఇంకా ఉన్నాయి అని. నీళ్లు! మందు అని రాయడానికి నీకు చెయ్యి రాలేదా? అంటే నేను మందు ఒలకబోసి, భయపడి, దారిలో కుళాయి నీళ్లు పట్టాననేగా? ఇరవై రెండేళ్లు జనం పాలలో నీళ్లు కలిపితే పట్టుకున్నవాణ్ణి, నన్ను పట్టుకుని ఆ మాట అంటావా?

చదివి వినిపిద్దామని పట్టుకెళ్లి పెద్దాయనకు నీ ఉత్తరం చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మంచి ప్రశ్న అన్నాడు. జవాబు చెప్పు అన్నాడు. తియ్యలేదండీ అన్నాను. ఖాయంగానా అన్నాడు. పిల్ల మీద ఒట్టేసి చెబుతానండీ అన్నాను. ఆయన కళ్లజోడు మళ్లీ కిందికి దించుకుని, అయితే సోమవారం ఖాళీ కడుపుతో ఉంచండి అన్నాడు.

విన్నావా? మీరు అడిగిన ప్రశ్నకు నేను నిజం చెప్పినందుకు నా పిల్లను మళ్లీ కోస్తారు. ఇదెక్కడి న్యాయం? అబద్ధం చెబితే బతుకుతుందా? ఆయన ముఖం చూస్తే నాకు అలాగే అనిపించింది, నేను తీశాను అంటే ఆయనా సంతోషించేవాడేమోనని. కానీ నేను ఎప్పుడూ నమూనా విషయంలో అబద్ధం ఆడలేదు. పిల్ల కోసం కూడా ఆడను. ఆడి, రేపు అది నిజంగా చెడ్డ గడ్డే అయితే?

పిల్లకు ఇంకా చెప్పలేదు. నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని వరండాలో నడుస్తోంది. మొన్న ఈ చివర నుంచి ఆ చివరికి పద్నాలుగు పలకలు నడిచింది. ఒక్కో పలకకూ ఆగి, ఎడమకాలి వైపు చూసి, రావమ్మా మహారాణీ అని పిలుస్తుంది. పక్క మంచం ముసలాయన, మీ నాన్న ముక్కుకు వాసన తెలుస్తుందట గదా, ఈ వార్డులో ఎవరు స్నానం చెయ్యలేదో చెప్పమను అని దాన్ని ఆటపట్టిస్తాడు. నిన్న నన్ను అడిగింది, నాన్నా, నా వీపులో ఉన్నది నిజంగా పేగేనా, అయితే దానికీ ఆకలేస్తుందా అని. ఏం చెప్పను? మీ కాగితంలో తేల్చజాలము అని ఉంది. అదే చెప్పాలా?

చివరిసారి రాస్తున్నాను, డాక్టరమ్మకు చూపించు. శనివారం పదకొండు గంటల నుంచి సోమవారం పది గంటల దాకా ఆ సీసా మూత ఎవరూ తియ్యలేదు. నేను తియ్యలేదు, మా ఇంట్లో ఎవరూ తియ్యలేదు. ఇది నా కూతురి మీద ఒట్టు. చెడగొట్టింది మీరే. ఆపరేషను గదిలో చెడగొట్టారో, నీ బల్ల మీద చెడగొట్టారో మీలో మీరు తేల్చుకోండి.

ఇట్లు,
పిల్ల తండ్రి.

తా.క.

పైదంతా నిన్న సాయంత్రం రాశాను. ఈవేళ బుధవారం పొద్దున పాల లెక్క అయ్యాక కవరులో పెట్టబోతూ ఉంటే మా పిన్ని కడిగిన నమూనా సీసాల ట్రే తెచ్చి బల్ల మీద పెట్టింది. కేంద్రంలో సీసాలు కడిగేది ఆవిడేనని నీకు తెలుసు. పిల్ల పద్నాలుగు పలకలు నడిచిందని మేనమామకు రాశావా అంది. రాశానన్నాను. చదువు అంది. చదివాను. ఒట్టు దగ్గరికి వచ్చేసరికి చేతిలో సీసా ట్రేలో పెట్టి, ఒరేయ్ అబ్బాయ్, నన్ను అడక్కుండా ఒట్టెందుకు వేశావురా, మూత నేను తీశానుగా అంది. వర్షం పడేట్టుంది అన్నంత మామూలుగా అంది.

నేను ఆ శనివారం విసుక్కున్న మాటే చెప్పింది. ఇందులో పోసింది దొంగ మందు అని నేనన్నాను గదా. ఆ మందు వాసన ఉన్న నమూనా ఏదైనా సరే తిప్పికొట్టాలని ఆవిడకు ఇరవై ఏళ్లుగా నేర్పింది నేనే. ఆసుపత్రివాళ్లు పాడు సీసాలో పెట్టి ఇచ్చారు, ఇలాగే పట్టుకెళితే కిటికీలో వాసన చూసి తిప్పికొడతారు, తిప్పికొడితే పిల్లను మళ్లీ కోస్తారు అనుకుంది. మళ్లీ కొయ్యకూడదనే చేసింది. నేను నిద్రపోతున్నాను, లేపబుద్ధి కాలేదట. లేచాక ఎందుకు చెప్పలేదు అంటే, సీసా కడిగితే నీకెప్పుడన్నా చెప్పానా అంది. నిజమే. రోజుకు అరవై సీసాలు కడుగుతుంది, ఒక్కటీ చెప్పదు.

ఇక ఇది డాక్టరమ్మ కోసం, జాగ్రత్తగా రాస్తున్నాను. ముక్క పదకొండు నుంచి మధ్యాహ్నం రెండున్నర వరకు మందులో ఉంది. మూడున్నర గంటలు. రెండున్నరకు పిన్ని మందు పారబోసి, కాచి చల్లార్చిన నీళ్లతో మూడుసార్లు కడిగి, నాలుగోసారి అవే నీళ్లు నింపి మూత పెట్టింది. గూట్లోనే ఉంచింది, చల్లటిచోట కాదు. ఎండలు నీకు తెలుసు. అక్కడి నుంచి సోమవారం పది దాకా నలభై మూడున్నర గంటలు నీళ్లలోనే ఉంది. కడిగేటప్పుడు టీ వడగట్టు అడ్డం పెట్టింది. వడగట్టులో సన్నటి తెల్ల పోగులు, పాల మీద మీగడ చిరిగినట్టు, కొన్ని నిలిచాయట. అవి పిల్లవేనని చెంచాతో ఒక్కొక్కటీ తీసి మళ్లీ సీసాలో వేసింది. ఒక్క పోగు పోనివ్వలేదంటుంది. ఆ పోగులు నువ్వు దాచిన నీళ్లలో ఉండాలి, పెద్దాయన చెప్పిన లోపలి పొర వాటిలో ఉందేమో చూడమను. నీళ్లే. నువ్వు రాసిందే సరి.

మందు పారబోసిన చోటు వెళ్లి చూశాను. తోమే బండ పక్కన బంతి మొక్కలు నాలుగు ఎండి నిలబడి ఉన్నాయి. పద్దెనిమిది రోజులుగా వాటి పక్కనే పళ్లు తోముకుంటున్నాను.

పిన్ని మూట కట్టి ఇస్తే నా ముక్కు దగ్గరే రెండు బస్సులు మారి వచ్చింది సీసా. వాసన లేదని నాకు తట్టలేదు. నువ్వు ఒక్కసారి మూత తీసి తెలుసుకున్నావు. రెండోసారి ఎందుకు వాసన చూశావో ఇప్పుడు అర్థమైంది. లేదని నమ్మలేక.

ఈ ఉత్తరం చింపి కొత్తది రాయొచ్చు. చింపను. నిన్ను అన్న మాటలు నా చేత్తో రాసినవి, నీ దగ్గర ఉండాలి. ఆసుపత్రివాళ్ల మీద కోపం మాత్రం వెనక్కి తీసుకోను. ఇది మందు, మూత తియ్యకండి అని ఆ తలుపు సందులోంచి ఇంకో మాట వచ్చి ఉంటే పిన్ని ఆ సీసా ముట్టుకునేది కాదు. పెద్దాయనకు ఇవాళే వెళ్లి చెబుతాను, నా ఒట్టు తప్పని. అలాగే ఆ సీసాల మీద చీటీ అంటించమని కూడా చెబుతాను, గట్టిగానే.

ఇంకొకటి ఉంది. నమూనా విషయంలో ఎప్పుడూ అబద్ధం ఆడలేదని పైన రాశాను. ఆడాను. తొమ్మిదేళ్లుగా ఆడుతున్నాను. మామయ్య క్యానుకు నేను వలయం పరీక్ష చెయ్యలేదు. ఆసిడ్ సీసా మోచేతి పక్కనే ఉంది. వాసన వచ్చిందనిపించింది. నలభై మంది చూస్తున్నారు. సొంత మామ అని చూడడు అనిపించుకోవాలని ఉబలాటం. పోయించేశాను. ఉందో లేదో ఇక ఎవరూ చెప్పలేరు, కాలవలో పోయించాను గనక. నువ్వు పారబొయ్యకుండా దాచావు. ఆదివారం మామయ్య ఇంటికి వెళ్లి ఈ మాట చెబుతాను. లోపలికి రానిస్తే లోపల, లేకపోతే వాకిట్లో.

ఈ కవరు పోస్టులో వెయ్యడం లేదు. తెచ్చేది పిన్నే, పాల వ్యానులో పంపిస్తున్నాను. నేను చెప్పిందానికంటే ఆవిడ నోటితో చెబితే డాక్టరమ్మ అడగాల్సినవి అడుగుతుంది. వడగట్టు కూడా చేతిసంచిలో పెట్టుకుంది, చూపిస్తానని. మందు మార్చానని ఒప్పుకోవడానికి వచ్చినట్టు ఉండదు, సీసా బాగా కడిగానని సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టు ఉంటుంది. కోప్పడకు. పిల్లను మళ్లీ కోసేది తన వల్లేనా అని దారంతా అడుగుతుందని డ్రైవరుకు ముందే చెప్పి ఉంచాను.

ఆవిణ్ణి కిటికీ బయట నిలబెట్టకు. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, నువ్వు దాచిన నీళ్లు వెలుతురుకు పెట్టి చూపించు. చెంచాతో తిరిగి వేసిన పోగులు ఆవిడ గుర్తుపడుతుంది.

ముక్కు బావ.